కొలెస్ట్రాల్ ఇంజెక్షన్ పని చేయలేదంటున్నారా? ముందు ఫ్రిజ్ చూడండి, ఆ తర్వాత పెన్ను

గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న మనిషికి స్టాటిన్ మాత్రలతో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) దిగకపోతే ఇప్పుడు డాక్టర్లు ఇంజెక్షన్ రాస్తున్నారు. రెపాథా పేరుతో వచ్చే ఎవలోక్యుమాబ్, ప్రాలుయెంట్ పేరుతో వచ్చే అలిరోక్యుమాబ్, ఈమధ్య ఆరు నెలలకోసారి వేసే ఇన్‌క్లిసిరాన్. మొదటి రెండింటికీ అమెరికాలో 2015లోనే అనుమతి వచ్చింది. మంచి మందులు. ఆ మాటలో నాకు అనుమానం లేదు. నా కోపమంతా వాటిని జనం చేతికిచ్చే తీరు మీదే. ఏడాదికి లక్షల్లో ఖర్చయ్యే మందు రాస్తారు, షాపువాడు డబ్బా చేతిలో పెడతాడు, ఎలా దాచాలో, ఎలా వేసుకోవాలో ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పరు. రెండు నెలల తర్వాత రిపోర్టు బాగా రాకపోతే "మీ ఒంటికి పడలేదు" అంటారు. ఒంటికి పడలేదో, అసలు ఒంట్లోకి పోనే లేదో ఎవరు చూశారు?

ఫ్రిజ్‌తో మొదలుపెడదాం. రెపాథా, ప్రాలుయెంట్ రెండూ మందు నింపిన పెన్నుల్లా వచ్చే ప్రొటీన్ మందులు. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ డోర్ ఫ్రిజ్. అందులో ఐస్ బాక్స్ కింద ఉండే ట్రేలోనూ, వెనక గోడకు ఆనించినా మందు గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒకసారి గడ్డకట్టిందంటే ఆ పెన్ను ఇక పనికిరాదు. కరిగాక చూస్తే మామూలుగానే కనిపించవచ్చు, అందుకే కంటితో చూసి బాగుందనుకోకూడదు. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడిగాలి తగులుతుంది. మధ్య అరలో, వెనక గోడకు నాలుగు వేళ్ల దూరంలో, వెలుతురు తగలకుండా దాని అట్టపెట్టెలోనే ఉంచండి. ఆన్‌లైన్లో దొరికే చిన్న థర్మామీటరు ఒకటి పక్కన పడేస్తే అన్ని అనుమానాలూ తీరతాయి.

బయట పెట్టినా 30 రోజుల వరకు ఫరవాలేదని పెట్టె మీద చదివి ధైర్యపడేవాళ్లున్నారు. అది నిజమే, కానీ 25 డిగ్రీలు దాటనంతవరకే. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో 25 డిగ్రీలు ఎక్కడినుంచి వస్తాయి? మన ఎండాకాలానికి "గది ఉష్ణోగ్రత" అన్న మాట వర్తించదు. కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంచండి, కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. ఏసీ గదిలో పెట్టాల్సి వస్తే బయటికి తీసిన తేదీని అట్టపెట్టె మీద రాసేయండి. 30 రోజులు దాటితే అది చెత్తే.

ఇంతకంటే ఎక్కువగా పాడయ్యేది దారిలో. హైదరాబాద్‌లో కొన్న మందు బస్సు పార్సిల్‌లో జిల్లాకు వెళ్తుంది. థర్మాకోల్ డబ్బాలో జెల్ ప్యాక్‌కు ఆనించి పెడితే గడ్డకడుతుంది, జెల్ ప్యాక్ లేకపోతే ఉడికిపోతుంది. మధ్యలో ఒక పొర గుడ్డో కాగితమో ఉండాలి. డబ్బా అందగానే తీసి చూడండి. జెల్ ప్యాక్ పూర్తిగా కరిగి వెచ్చగా ఉంటే తీసుకోవద్దు, అక్కడికక్కడే ఫోటో తీసి వాపసు అడగండి. అమెరికా నుంచి సెలవులకు వచ్చేవాళ్లు పెన్నులను చెకిన్ సూట్‌కేసులో వేయకండి. విమానం కింద భాగంలో చలి ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. చేతిసంచిలో, డాక్టరు చీటీతో పాటు పెట్టుకుని రండి.

ఇక పెన్ను. బటన్ నొక్కితే తనంతట తానే మందు ఎక్కించే రెపాథా పెన్ను (ఆటోఇంజెక్టర్) సంగతే చెప్తాను, ఎక్కువమంది చేతిలో ఉండేది అదే కాబట్టి. వేసుకునే ముందు కనీసం 30 నిమిషాలు ఫ్రిజ్ బయట ఉంచాలి. చల్లమందు చర్మం కిందికి వెళ్తే మండుతుంది, "ఈ ఇంజెక్షన్ భరించలేం" అనేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. తొందరపడి వేడినీళ్లలో ముంచడం, ఎండలో పెట్టడం, ఊపడం, ఇవేవీ చేయొద్దు. పెన్నుకు ఉండే చిన్న కిటికీలోంచి చూస్తే మందు తేటగా, రంగు లేకుండా లేదా లేత పసుపుగా ఉండాలి. చిన్న గాలి బుడగ ఉంటే భయం లేదు. నలకలున్నా, మబ్బుగా ఉన్నా వాడొద్దు.

చోటు తొడ ముందు భాగం, లేదా బొడ్డు చుట్టూ 5 సెంటీమీటర్లు వదిలి పొట్ట. వేరేవాళ్లు వేస్తుంటే చేయి పైభాగం బయటివైపు. ప్రతిసారీ చోటు మార్చాలి. స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. తడి మీద గుచ్చితే అదీ మంటే. ఆ తర్వాతే నారింజరంగు మూత నిటారుగా లాగాలి. లాగాక 5 నిమిషాల్లోపు వేసేయాలి, మూత తిరిగి పెట్టకూడదు.

ఇక్కడే అసలు తప్పులు. సూది ఉండేది పసుపురంగు కొస లోపల. మూత తీశాక ఆ కొసను బటన్ అనుకుని బొటనవేలితో నొక్కి వేలికే గుచ్చుకునేవాళ్లున్నారు. బటన్ బూడిదరంగులో రెండో చివర ఉంటుంది. చర్మాన్ని సాగదీసి గానీ, ముడతగా పట్టుకుని గానీ గట్టిగా చేసి, పెన్నును నిలువుగా ఆనించి ఇక లోపలికి పోదనేంతవరకు నొక్కాలి. అప్పుడే బూడిదరంగు బటన్. టక్‌మని చప్పుడొస్తుంది. చాలామంది ఆ చప్పుడుకే అయిపోయిందనుకుని పెన్ను పైకి లాగేస్తారు. అది మందు అయిపోయిన చప్పుడు కాదు, మొదలైన చప్పుడు. బొటనవేలు తీసేయొచ్చు, పెన్ను మాత్రం అలాగే అదిమి ఉంచాలి. దాదాపు 15 సెకన్లు పడుతుంది. కిటికీ మొత్తం పసుపురంగుకు మారాకే ఎత్తాలి. ఎత్తాక తొడ మీద మందు కారుతూ ఉన్నా, కిటికీ సగమే పసుపైనా పూర్తి డోసు పడలేదన్నమాట. అప్పుడు మీ అంతట మీరే ఇంకో పెన్ను పొడుచుకోకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. 15 సెకన్ల ఓపిక లేక పోయేది వేల రూపాయల మందు. చెప్పి ఉంటే ఆ ఓపిక ఎవరికైనా ఉంటుంది!

రెండు వారాలకోసారి 140 మిల్లీగ్రాములు, లేదా నెలకోసారి 420. 420 అంటే మూడు పెన్నులు, ఒకదాని తర్వాత ఒకటి, 30 నిమిషాల్లోపు. ఒక పెన్ను వేసుకుని మిగతా రెండూ వచ్చే వారాలకు దాచుకుంటే అది వేరే డోసు అవుతుంది. రెండు వారాల డోసు మర్చిపోతే, 7 రోజుల్లోపు గుర్తొస్తే వేసుకుని పాత తేదీల ప్రకారమే కొనసాగించండి. 7 రోజులు దాటితే అది వదిలేసి తర్వాతి తేదీకి వేసుకోండి.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. ఇంజెక్షన్ మొదలుపెట్టగానే స్టాటిన్ మాత్ర మానేయడం. "అంత ఖరీదైన సూది వేసుకుంటున్నాం, ఇంకా ఈ మాత్ర దేనికి?" అంటారు. కాలేయం మీద ఎల్‌డీఎల్‌ను రక్తంలోంచి లాగేసే గ్రాహకాలు ఉంటాయి. పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ ఆ గ్రాహకాలను నాశనం చేస్తుంది. స్టాటిన్ గ్రాహకాలను పెంచుతుంది, కానీ దాంతోపాటు పీసీఎస్‌కే9నూ పెంచుతుంది. ఇంజెక్షన్ వచ్చి ఆ పీసీఎస్‌కే9ను అడ్డుకుంటుంది. అందుకే రెండూ కలిస్తేనే అసలు ఫలితం. 2017లో వచ్చిన ఫోరియర్ ట్రయల్‌లో 27,564 మంది, అందరూ స్టాటిన్ మీద ఉన్నవాళ్లే. ఎవలోక్యుమాబ్ కలిపాక ఎల్‌డీఎల్ 92 నుంచి 30కి దిగింది. గుండెపోటు, పక్షవాతం లాంటి ఘటనలు కలిపి చూస్తే 15 శాతం తగ్గాయి. స్టాటిన్ నిజంగా పడనివాళ్లు వేరు. వాళ్ల సంగతి డాక్టరు తేల్చాలి, వాట్సాప్ కాదు.

రిపోర్టు విషయంలోనూ తొందర ఎక్కువ. మొదటి ఇంజెక్షన్ వేసుకున్న నాలుగో రోజే పరీక్షకు పరిగెత్తకండి. 4 నుంచి 8 వారాల మధ్య చేయించండి. నెలకోసారి వేసుకునేవాళ్లు సరిగ్గా తర్వాతి డోసుకు ముందు చేయించాలి, ఎందుకంటే నెల మధ్యలో ఎల్‌డీఎల్ బాగా పైకీ కిందికీ మారుతుంది. ఇంకోటి, చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను కొలవరు, లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్ అనే మరో రకం కొవ్వులో ఐదో వంతునూ తీసేస్తారు. మొత్తం 110, హెచ్‌డీఎల్ 38, ట్రైగ్లిజరైడ్స్ 260 అయితే 110 లోంచి 38, 52 పోగా 20 అని రిపోర్టు వస్తుంది. షుగరు ఉండి ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువున్నవాళ్లలో, ఎల్‌డీఎల్ బాగా తక్కువున్నప్పుడు ఈ లెక్క అసలుకంటే తక్కువ చూపిస్తుంది. డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయమని అడగండి, లేదా మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి నాన్ హెచ్‌డీఎల్ చూడండి.

సరే, నిజంగానే 25కో 30కో దిగింది. అప్పుడు మొదలవుతుంది కొత్త భయం. "కొలెస్ట్రాల్ లేకపోతే మెదడు పనిచేయదట." ఈ మాట విని ఇంజెక్షన్ మానేసేవాళ్లున్నారు. ఫోరియర్‌లోనే కొందరికి జ్ఞాపకశక్తి పరీక్షలు ప్రత్యేకంగా చేశారు, డమ్మీ మందు తీసుకున్నవాళ్లకూ వీళ్లకూ తేడా కనిపించలేదు. పుట్టుకతోనే పీసీఎస్‌కే9 పనిచేయని మనుషులున్నారు. డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం వెతికి పట్టుకున్న అలాంటి ఒక మహిళ ఎల్‌డీఎల్ 14, ఆమె ఆరోగ్యంగానే ఉంది. మానేస్తే మాత్రం కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికే చేరుతుంది. దుష్ప్రభావాలంటే గుచ్చిన చోట ఎర్రబడటం, జలుబు, నడుము నొప్పి లాంటివి. దద్దుర్లు, మొహం వాపు, ఊపిరాడకపోవడం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఆగకూడదు.

డబ్బు సంగతి దాచడానికి లేదు. మామూలు మెడిక్లెయిమ్ ఆసుపత్రిలో చేరితేనే ఇస్తుంది, ఇంట్లో వేసుకునే పెన్నుకు సాధారణంగా రాదు. అందుకే ఇంజెక్షన్‌కు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. రోజుకు కొద్ది రూపాయలయ్యే ఎజెటిమైబ్ మాత్ర 10 మిల్లీగ్రాములు స్టాటిన్‌కు కలిపి చూశారా? స్టాటిన్ డోసు రెట్టింపు చేస్తే అదనంగా తగ్గేది దాదాపు 6 శాతమే, ఎజెటిమైబ్ కలిపితే దాదాపు 20 శాతం. ఇది అడగకుండా లక్షల మందు రాయడం అన్యాయం. కొని నాలుగు నెలలు వాడి డబ్బుల్లేక ఆపేసే కుటుంబాలకు ఆ నాలుగు నెలల ఖర్చూ వృథాయే. ఫ్రిజ్ బాధ, పెన్ను బాధ పడలేనివాళ్లకు ఇన్‌క్లిసిరాన్ నయం. ఫ్రిజ్ అక్కర్లేదు. డాక్టరో నర్సో వేస్తారు. మొదటిది, మూడు నెలలకు రెండోది, ఆపైన ఆరు నెలలకోసారి. అయితే ఒక్కసారే పెద్ద మొత్తం కట్టాలి.

ఇంకా ఒక రకం కుటుంబాలున్నాయి, వీళ్లలో మందు నిజంగానే పనిచేయకపోవచ్చు. మేనరికాల్లో తల్లిదండ్రులిద్దరికీ వంశపారంపర్య కొలెస్ట్రాల్ దోషం ఉంటే, ఇద్దరినుంచీ దాన్ని అందుకున్న బిడ్డకు ఎల్‌డీఎల్ 500 దాటొచ్చు. మోచేతుల మీద, మడమ వెనక నరం మీద పసుపుపచ్చ గడ్డలు వస్తాయి. ఆ బిడ్డకు గ్రాహకాలే లేకపోతే వాటిని కాపాడే ఇంజెక్షన్ ఏం చేస్తుంది? జన్యు పరీక్ష చేయించకుండా నెలలతరబడి సూదులు పొడవకండి, ఆ దారి వేరు.

మందు రాసేవాళ్లకు నేనడిగేది ఇంతే. మొదటి ఇంజెక్షన్ మీ నర్సు ముందే, రోగి చేతే వేయించండి. ఆయన కళ్లు కనపడకపోయినా చేతులు వణుకుతున్నా ఇంట్లో ఎవరు వేస్తారో వాళ్ల చేత వేయించండి. కిటికీ పసుపయ్యేదాకా పక్కన నిలబడండి. తర్వాతి డోసు తేదీ, రక్తపరీక్ష తేదీ రెండూ చీటీ మీద తెలుగులో రాసివ్వండి. వాడిన పెన్నును చెత్తబుట్టలో వేయకుండా మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో దాచి, మళ్లీ వచ్చేటప్పుడు తెచ్చివ్వమనండి. ఖాళీ పెన్నులు తిరిగి వస్తే కిటికీలు చూస్తారు కదా, ఏ డోసు పూర్తిగా పడిందో ఏది పడలేదో అక్కడే తెలిసిపోతుంది.