1.7 ఎవరి లెక్క?

ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల లెక్క, 1.7 అనగానే ‘జనం తగ్గిపోతున్నారు’ అని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన అంకె అది. తెలంగాణది 1.8, బిహార్‌ది 3.0. తల్లిదండ్రుల తరం ఎంతుందో పిల్లల తరం కూడా అంతే ఉండాలంటే 2.1 కావాలి. టెన్షన్ ఊరికే రాలేదు. కానీ ఆ 1.7 ఎలా వచ్చిందో చూడాలి.

15 నుంచి 49 ఏళ్ల వరకు ఏ వయసు వాళ్లకు ఎన్ని కాన్పులయ్యాయో విడివిడిగా తీసి కూడతారు. మాటవరసకు, 20-24 ఏళ్ల వాళ్లు వెయ్యి మందికి ఏడాదికి 140 కాన్పులైతే, ఆ ఐదేళ్లకు తలా 0.7 పడుతుంది. ఇలా అన్ని వయసులవీ కలిపితే వచ్చేదే ఈ సంతానోత్పత్తి రేటు (టీఎఫ్ఆర్). ఇవాళ్టి ఇరవై ఏళ్ల అమ్మాయినీ, నలభై ఏళ్ల ఆవిడనూ ఒకే మనిషి అనుకుని వేసే లెక్క ఇది. అందుకే అందరూ మొదటి కాన్పును రెండేళ్లు వాయిదా వేస్తే, చివరికి ఇద్దర్నే కన్నా సరే, అప్పటికి రేటు పడిపోయి కనిపిస్తుంది.

దక్షిణ కొరియాలో 2023లో రేటు 0.72కి పడిపోవడంలో ఈ వాయిదా పాత్ర చాలా ఉంది. అక్కడ పెళ్లిళ్లే ఆలస్యం, అసలు చేసుకోనివాళ్లూ పెరిగారు. మన పల్లెల్లో కథ తిరగబడి ఉంటుంది. పాతికేళ్లు నిండకుండానే ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతోపాటే కు.ని. ఆపరేషన్. ఏపీలో 15-49 ఏళ్ల వివాహిత మహిళల్లో పదిమందికి దాదాపు ఏడుగురికి ఆ ఆపరేషన్ అయిపోయిందని అదే సర్వే చెబుతోంది. (మగవాళ్ల వాటా ఒక్క శాతం కూడా లేదు, అది వేరే వ్యాసం.) ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులనే 1994 నాటి నిబంధనను 2024లో ఎత్తేశారు. సర్పంచ్ పదవి ఆశించేవాళ్లకు అది ఊరటే. ఆపరేషన్ అయిపోయిన పాతికేళ్ల తల్లికి దాంతో ఒరిగేదేమిటి?

పోనీ, రేటు 2.1 కిందికి దిగితే జనాభా వెంటనే తగ్గుతుందా అంటే అదీ లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2005-06 నాటికే రేటు 1.8. అయినా 2001లో 7.62 కోట్లున్న జనం 2011కి 8.46 కోట్లయ్యారు. ఎక్కువమంది పిల్లలున్న ఇళ్లలో పుట్టిన అమ్మాయిలు అప్పటికి తల్లులయ్యే వయసులో ఉన్నారు. తలా ఇద్దర్నే కన్నా, కనేవాళ్లే ఎక్కువమంది. ఇప్పుడు ఆ బండి వెనక్కి తిరుగుతోంది. తక్కువ కాన్పుల కాలంలో పుట్టిన ఆడపిల్లలు పెళ్లీడుకొస్తున్నారు. వాళ్లూ తలా ఇద్దర్ని కన్నా, ఊళ్లో ఉయ్యాలలు మాత్రం వాళ్ల అమ్మల కాలం నాటికంటే తక్కువే ఉంటాయి.