తొంభై తొమ్మిది రూపాయల క్వార్టర్ సీసా గారికి

ఖజానా పాలిట మహాలక్ష్మీ సమానురాలైన క్వార్టర్ సీసా గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం అని రాయడం ఆనవాయితీ. అది దాటేసి నేరుగా విషయానికి వస్తాను.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబర్‌లో కొత్త మద్యం విధానంతో పాటు మీరు అవతరించారు. 180 మిల్లీలీటర్లు, 99 రూపాయలు. వందలో ఆ ఒక్క రూపాయి తగ్గించిన మహానుభావుడెవరో గానీ, అంతకు ముందు బాటా చెప్పుల దుకాణంలో పనిచేసి ఉండాలి. మిమ్మల్ని కొలువుంచే 3,396 దుకాణాల కోసం 89,882 దరఖాస్తులు వచ్చాయి. ఒక్కోదానికి రుసుము రెండు లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి ఇవ్వరు. మీ మూత ఒక్కటి కూడా తిరగకముందే దాదాపు 1,800 కోట్లు జమ అయ్యాయి. ఇంత కాలు కలిసివచ్చిన కోడలు ఏ ఇంట్లో ఉంది చెప్పండి?

మీ రాకకు చెప్పిన కారణం కూడా ఉదాత్తమైనదే. పేదవాడు నాటుసారా జోలికి పోకుండా చూడటం. ఈ మాటను నేను ఊరికే కొట్టిపారేయను. ధర మరీ పెంచితే జనం ఎటు పోతారో గత కొన్నేళ్లలో చూశాం. కానీ నాటుసారా వాసనే ఎరుగని ఇంటర్ కుర్రాడి చేత మీరు ఏం మాన్పిస్తున్నారు? ముగ్గురు కలిసి తలా ముప్పై మూడు రూపాయలు వేసుకుంటే సరిగ్గా మీరు వస్తారు. మిగలదు, తగ్గదు. ఇంత చక్కగా మూడుతో భాగించగలిగే అంకెను ఎంచడం యాదృచ్ఛికమేనని నమ్ముతున్నాను.

ఇరవై ఒకటి నిండనివారికి అమ్మరాదని చట్టం ఉంది. దుకాణం దగ్గర ఆ మాట బోర్డు మీదైనా ఉంటుంది. ఊళ్లోని బెల్టు షాపుకు బోర్డే ఉండదు. కిరాణా కొట్టులో సబ్బుల పెట్టెల వెనక, గోనెసంచి కింద మీరు పడుకుని ఉంటారు. పదో ఇరవయ్యో ఎక్కువ పెట్టి అడిగితే పాత వార్తాపత్రిక చుట్టుకుని బయటికి వస్తారు. పక్కనే నీళ్ల ప్యాకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు, కారపు బూందీ. అమ్మే ఆవిడ వయసు అడగదు, ఆ కుర్రాడి నాన్న పేరు ఆమెకు తెలుసు కాబట్టి. నాన్న ఖాతా కూడా అక్కడే ఉంది. అదే సంవత్సరం ఉపాధి హామీ పనికి రోజు కూలి 300 రూపాయలు. గడ్డపార పట్టిన పొద్దులో మూడో వంతు మీది.

మీ లేబుల్ మీది 42.8 శాతాన్ని లెక్క కడితే, లోపల దాదాపు 60 గ్రాముల శుద్ధ ఆల్కహాలు తేలుతుంది. స్కాట్లాండ్‌లో సూపర్‌మార్కెట్లు చౌకగా అమ్ముతున్నాయని 2018లో ఆల్కహాలు యూనిట్‌కు, అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాలుకు, 50 పెన్సుల కనీస ధర పెట్టారు. ఆ ధర లేకుంటే సంభవించి ఉండే మద్యం మరణాలలో 13.4 శాతం తగ్గాయని అక్కడి ప్రజారోగ్య సంస్థ 2023లో అంచనా కట్టింది. 2024 సెప్టెంబర్ 30న దాన్ని 65 పెన్సులు చేశారు. ఆ లెక్కన మీరు అక్కడ పుట్టి ఉంటే ఐదు పౌండ్లకు తక్కువ అమ్మకూడదు, అంటే మన డబ్బుల్లో ఐదు వందల పైచిలుకు. వాళ్లు ధర పెంచిన పదహారో రోజున ఇక్కడ మీ దుకాణాలు తెరుచుకున్నాయి. విదేశీ విధానాలను గుడ్డిగా అనుకరించం అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మీ పూర్వీకురాలు సారా ప్యాకెట్ చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. తర్వాత జిల్లా అంతటా కదిలి వేలంపాటలకే అడ్డుపడ్డారు. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997లో మళ్లీ వచ్చింది. అందుకేనేమో ఈసారి వేలంపాట పెట్టలేదు, లాటరీ తీశారు.

ఇప్పటి విధానం గడువు 2026 సెప్టెంబర్ నెలాఖరు. మీ ధర మీద మళ్లీ కూర్చునేటప్పుడు డిస్టిలరీల వారిని, దుకాణదారులను ఎలాగూ పిలుస్తారు. దూబగుంట నుంచి ఇద్దరు ఆడవాళ్లకు కూడా కుర్చీలు వేయించమని మీరే ఒక మాట సిఫారసు చేయండి. మా మాటకు లేని విలువ సచివాలయంలో మీ మాటకు ఉంది.

ఇట్లు,
మీ రాబడితో వేసిన రోడ్ల మీద రాత్రి ఎనిమిది దాటాక ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బండి నడిపే ఒకరు