కార్డు ముడతలు పడితే పిల్లది తప్పా?

మా అన్నయ్య కూతురు ఆరో తరగతి. వాళ్ల స్కూల్లో చేత్తో చేసిన కార్డుల పోటీ పెట్టారు. ఆ గుంట రెండు సాయంత్రాలు కూర్చుని, ఎర్రమట్టి రంగు కాగితం మీద తెల్ల గీతలతో, సవర గిరిజనులు ఇంటి గోడల మీద వేసుకునే బొమ్మల్లాగా, మనుషులు చేతులు పట్టుకుని ఆడుతున్నట్టు వేసి, దాన్ని పాత శుభలేఖ అట్ట మీద అతికించి పట్టుకెళ్లింది. ప్రైజు రాలేదు, పోనీండి. కానీ "ముడతలు పడిపోయింది, నీట్‌గా లేదు" అని వెనక్కి ఇచ్చేశారట. ప్రైజు వచ్చిన కార్డులో పూలు, ముత్యాలు, అక్షరాలతో సహా అన్నీ కొన్న స్టిక్కర్లే. రాత్రి ఫోన్ చేసి "అత్తా, నాకూ ఒక కిట్టు కొనిపెట్టవా" అంది. నాకు చాలా బాధేసింది.

కాగితం ఎందుకు ముడత పడుతుందో ఆ పిల్లకి ఒక్కరైనా చెప్పారా? కాగితం అంటే నార. మిల్లులో తయారైనప్పుడు ఆ నారలు ఎక్కువగా ఒకే వైపుకి పడుకుంటాయి, దాన్నే గ్రెయిన్ అంటారు. ఇంట్లో న్యూస్‌పేపర్ తీసి పై నుంచి కిందికి చింపండి, దాదాపు తిన్నగా వస్తుంది. అడ్డంగా చింపండి, వంకరలు పోతుంది. తడి తగిలితే నార పొడవు పెద్దగా మారదు, లావెక్కుతుంది. అందుకే ఫెవికాల్ దట్టంగా పూసి పల్చటి కాగితం అంటిస్తే అది ఒక వైపుకి సాగి, ఆరేటప్పుడు అట్టని లాగేస్తుంది. మందు కూడా సులువే. రెండు కాగితాల గ్రెయిన్ ఒకే వైపుకి ఉండేలా చూసుకోవాలి, జిగురు బ్రష్‌తో పల్చగా పూయాలి, పైన శుభ్రమైన కాగితం వేసి రాత్రంతా లావు పుస్తకాల కింద పెట్టాలి. ఇంకా వంగుతుంటే వెనక కూడా అలాంటి కాగితమే అంటిస్తే రెండు వైపులా లాగుడు సమానమైపోతుంది. ఇది చెప్పడానికి పది నిమిషాలు పట్టదు!

ఇక్కడ విజయనగరంలో ఏ ఇంట్లో చూసినా పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ఒక కట్ట శుభలేఖలు మిగులుతాయి. అంత మంచి అట్ట కొందామన్నా దొరకదు. మా అమ్మ మాత్రం వినాయకుడి బొమ్మ మీద కత్తెర పెట్టనివ్వదు, కాబట్టి ముందు ఆ ముక్క జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, పసుపు అంటిన మూలలు వదిలేసి, మిగతాది వాడతాను. మందమైన అట్టని ఊరికే మడిస్తే మడత దగ్గర పగిలి తెల్లగా బయటపడుతుంది. ఇంకు అయిపోయిన బాల్‌పెన్‌తో స్టీలు స్కేలు పక్కన ఒక గీత నొక్కి గీసి, వీలైతే గ్రెయిన్ వెంబడే, అప్పుడు మడవండి. బ్లేడుతో కోసేటప్పుడు ఒకేసారి బలంగా నొక్కొద్దు, తేలిగ్గా మూడు నాలుగు సార్లు లాగండి (పిల్లలకి బ్లేడు వద్దు, కత్తెర చాలు).

అన్నిటికంటే నాకు ఇష్టమైనది చింపడం. రంగు పైన మాత్రమే ఉన్న మ్యాగజైన్ కాగితం చింపితే ఒక ముక్కకి తెల్లటి అంచు వస్తుంది, రెండోదానికి రాదు, ఏ ముక్కని ఎటు లాగామన్నదాన్ని బట్టి. ఆ తెల్ల అంచున్న నీలం ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చూడండి, కళింగపట్నం అలలు వచ్చేస్తాయి, నురగతో సహా. ఏ స్టిక్కరుతో వస్తుందండీ అది? న్యూస్‌పేపర్ మాత్రం దాచుకునే కార్డుకి వాడకండి, అందులో లిగ్నిన్ అనే చెక్కలోని పదార్థం ఉంటుంది, వెలుతురుకి పసుపెక్కిపోతుంది.

పెద్ద కార్డు అంటే పిల్లలకి టెన్షన్. అందుకే ఆ గుంటకి రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు కార్డు నేర్పాను. ఏ4 అట్టలో తొమ్మిది వస్తాయి, ఒకటి పాడైతే ఇంకా ఎనిమిది ఉంటాయి. ఆ సైజుకో కథ ఉంది. 1997లో జ్యూరిక్‌లో వాంచి స్టిర్నెమాన్ అనే కళాకారుడు తను చేసిన చిన్న కార్డులు ప్రదర్శనకి పెట్టి, కావాలంటే మీరూ ఒకటి చేసి తెచ్చి మార్చుకోండి అన్నాడు. ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డులు అలా మొదలయ్యాయి. వాటిని అమ్మరు, మార్చుకుంటారు, అంతే. మార్కులు లేవు, ప్రైజులు లేవు. స్కూళ్లలో పెట్టాల్సింది ఇదీ అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పోటీ తీసేయండి, పిల్లలని ఒకరి కార్డు ఒకరికి ఇచ్చుకోనివ్వండి.

మొన్న ఆదివారం అది నాలుగు కార్డులు చేసింది. ఒక్కటీ ముడత పడలేదు. వెనక పేరు, తేదీ కూడా రాసింది. సవర బొమ్మల కార్డు నాకిమ్మంటే, "నువ్వొకటి చేసిస్తేనే అత్తా" అంది. కిట్టు ఊసే ఎత్తలేదు. నా అలల కార్డు ఇప్పుడు పుస్తకాల కింద ఆరుతోంది.