రెండు సీట్లు చేతిలో ఉంటే ముందు మూడో ఏడాదిని చూడండి

ఇంజినీరింగ్‌లో రెండు విశ్వవిద్యాలయాల నుంచి సీటు వచ్చిందంటే ఇంట్లో ముందుగా వచ్చే ప్రశ్న, ఏది పేరున్నది అని. పేరుకు విలువ లేదని కాదు. కానీ పట్టా మీద ఉండేది విశ్వవిద్యాలయం పేరైనా, చదువు చెప్పేది డిపార్ట్‌మెంటు. ఒకే ప్రాంగణంలో కంప్యూటర్ సైన్స్ విభాగం కళకళలాడుతుంటే, పక్క భవనంలో సివిల్ విభాగం అధ్యాపకుల కొరతతో కుంటుతూ ఉండొచ్చు. కాబట్టి పోల్చాల్సింది మీ బ్రాంచి ఉన్న రెండు డిపార్ట్‌మెంట్లను. నాలుగేళ్ల కోర్సులో అయితే వాటి మూడో ఏడాదిని మరింత నిశితంగా చూడాలి. మొదటి ఏడాదిలో గణితం, భౌతికశాస్త్రం, ప్రోగ్రామింగ్ ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. చివరి ఏడాది ప్రాజెక్టుతో, ఉద్యోగ ప్రయత్నాలతో గడిచిపోతుంది. బ్రాంచికి ప్రాణం లాంటి సబ్జెక్టులు నడిచేది మధ్యలోనే. రెండు చోట్లా తేడా బయటపడేదీ అక్కడే.

ర్యాంకులు ఈ తేడాను పట్టుకోలేవు. విశ్వవిద్యాలయాలకు క్యూఎస్ సంస్థ ఏటా ఇచ్చే ప్రపంచ ర్యాంకింగ్‌నే తీసుకోండి. 2024 సంచిక నుంచి అందులో 30 శాతం మార్కులు విద్యావేత్తల అభిప్రాయ సర్వేకు, 20 శాతం పరిశోధన పత్రాల ఉల్లేఖనలకు (వాటిని ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు ఉటంకించారన్న లెక్కకు) ఇస్తున్నారు. అంటే సగం మార్కులు పరిశోధనా ప్రతిష్ఠవే. బోధనకు దగ్గరగా వచ్చే కొలమానం అధ్యాపక-విద్యార్థి నిష్పత్తి, దాని వాటా 10 శాతం. ల్యాబ్ ఎలా నడుస్తోంది, రెండో ఏడాది సర్క్యూట్ల క్లాసు ఎవరు చెబుతున్నారు అన్నవాటికి ఇందులో చోటే లేదు. ఒకటి 50వ స్థానంలో, ఇంకొకటి 600వ స్థానంలో ఉంటే ఆ దూరానికి అర్థం ఉంటుంది. 210కీ 260కీ మధ్య తేడా చూసి నిర్ణయం తీసుకోవడం మాత్రం సరికాదు.

ర్యాంకు కన్నా ముందు తేల్చుకోవాల్సింది గుర్తింపు. ఇంజినీరింగ్‌లో అక్రెడిటేషన్ ఇచ్చేది ప్రోగ్రామ్‌కు, మొత్తం సంస్థకు కాదు. అమెరికాలో ఏబెట్ అనే సంస్థ, మన దేశంలో ఎన్‌బీఏ (నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్) చేసేది ఇదే. ఒక విశ్వవిద్యాలయంలో మెకానికల్‌కు గుర్తింపు ఉండి, కొత్తగా పెట్టిన రోబోటిక్స్‌కు లేకపోవచ్చు. కాబట్టి సంస్థ బ్రోషర్‌తో సరిపెట్టుకోకుండా గుర్తింపు ఇచ్చే సంస్థ వెబ్‌సైట్‌లోనే మీ ప్రోగ్రామ్ పేరు, గడువు తేదీ చూసుకోవాలి. విదేశాల్లో పనిచేయాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం. 1989లో ఆరు దేశాల సంస్థలతో మొదలైన వాషింగ్టన్ ఒప్పందం ప్రకారం, సభ్య సంస్థలు గుర్తించిన ప్రోగ్రామ్‌లను మిగతా సభ్యులు తమ ప్రోగ్రామ్‌లతో సమానంగా పరిగణిస్తారు. 2014లో ఎన్‌బీఏ పూర్తి సభ్యత్వం పొందింది. అయితే ఈ సమానత్వం టైర్-1 కింద (స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థల విభాగం) గుర్తింపు పొందిన ప్రోగ్రామ్‌లకే వర్తిస్తుంది, టైర్-2కు (అనుబంధ కళాశాలల విభాగం) వర్తించదు. 'ఎన్‌బీఏ గుర్తింపు ఉంది' అన్న ఒక్క ముక్కతో తృప్తి పడితే ఈ తేడా డిగ్రీ పూర్తయ్యాక గానీ తెలియదు.

తర్వాత సిలబస్. రెండు చోట్లా మొత్తం క్రెడిట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఏమీ తేలదు, ఎందుకంటే క్రెడిట్ అంటే అన్ని చోట్లా ఒకటి కాదు. భారతీయ పద్ధతిలో సాధారణంగా వారానికి గంట లెక్చర్‌కు ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్‌కు ఒక క్రెడిట్. యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో ఏడాదికి 60 క్రెడిట్లు. ఇంట్లో చదువుకునే సమయాన్ని కూడా కలిపి ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటలుగా లెక్కిస్తారు. కాబట్టి క్రెడిట్లు వదిలేసి గంటలు లెక్కపెట్టండి: మూడో ఏడాదిలో వారానికి ఎన్ని గంటలు క్లాసు, ఎన్ని గంటలు ల్యాబ్, ఎన్ని గంటలు ట్యుటోరియల్. ఎలక్టివ్‌ల జాబితా చూసి మురిసిపోకండి. జాబితాలో నలభై ఉన్నా సెమిస్టర్‌లో నడిచేవి ఆరేడే కావచ్చు. గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుళ్లు తెప్పించుకుని చూస్తే ఏవి నిజంగా నడిచాయో తెలుస్తుంది.

సీటు ఎంచుకునేటప్పుడు దాదాపు ఎవరూ అడగని విషయం ఒకటుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ఖరీదైనది అదే: ఒక సబ్జెక్టు తప్పితే ఏమవుతుంది? ఇంజినీరింగ్ సబ్జెక్టులు ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. ఎలక్ట్రికల్ వైపు గణితం తర్వాత సర్క్యూట్లు, ఆపైన సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, దాని మీద కంట్రోల్ సిస్టమ్స్, కమ్యూనికేషన్స్. మెకానికల్‌లో ఇంజినీరింగ్ మెకానిక్స్, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్, మెషిన్ డిజైన్. కింది సబ్జెక్టు పాసైతేనే పై సబ్జెక్టులో కూర్చోనిచ్చే చోట, ఆ కింది సబ్జెక్టు ఏడాదికి ఒక్కసారే నడుస్తుంటే, రెండో ఏడాదిలో ఒక్క ఫెయిల్‌తో డిగ్రీ ఏడాది వెనక్కి పోతుంది. అదే సబ్జెక్టును రెండు సెమిస్టర్లలోనూ నడిపే చోట, లేదా వేసవి టర్మ్, కొన్ని వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష ఉన్న చోట ఆ దెబ్బ చాలావరకు తగ్గిపోతుంది. తప్పిన సబ్జెక్టు (బ్యాక్‌లాగ్) మిగిలి ఉండగానే పై తరగతికి పంపే చోట మరో చిక్కు: పాత పేపరూ కొత్త పేపర్లూ ఒకే నెలలో మీద పడతాయి. చేరిన బ్యాచ్‌లో ఎంతమంది సకాలంలో పట్టా పుచ్చుకున్నారో రెండు డిపార్ట్‌మెంట్లనూ అడగండి. విశ్వవిద్యాలయం మొత్తం లెక్క కాదు, మీ బ్రాంచి లెక్క అడగండి. చెప్పడానికి తటపటాయించే చోట పరీక్షల నిబంధనల పుస్తకంలో ప్రమోషన్, డిటెన్షన్ అధ్యాయాలు తప్పకుండా చదవాలి.

ల్యాబ్‌ల విషయంలో పరికరాల జాబితా కన్నా ఒక్కో పరికరం చుట్టూ ఎంతమంది నిలబడతారన్నదే అసలు సంగతి. వారానికి మూడు గంటల ల్యాబ్ 14 వారాలు నడిస్తే 42 గంటలు. ఒక్కో సెటప్‌కు ఇద్దరే అయితే తలా 21 గంటలు చేతులు ఆడతాయి. నలుగురైతే పదిన్నర. పైగా నలుగురి గుంపులో ఒకరు కనెక్షన్లు ఇస్తే, ఒకరు రీడింగులు రాసుకుంటే, మిగతా ఇద్దరు చూస్తూ నిలబడడం మామూలే. ప్రాంగణం చూడటానికి వెళితే ఆడిటోరియం దగ్గర ఆగిపోకుండా ల్యాబ్‌లోకి అడుగు పెట్టండి. ఆసిలోస్కోపుల (విద్యుత్ సిగ్నళ్లను తెరమీద చూపే పరికరాలు) మీద క్యాలిబ్రేషన్ స్టిక్కర్, అంటే కొలతలు సరిచూసినట్టు చెప్పే స్టిక్కర్, ఉంటే దాని తేదీ చదవండి. ప్రోబ్‌ల చివర క్లిప్పులు ఉన్నాయో విరిగిపోయాయో చూడండి. వర్క్‌షాప్‌లో లేత్ కింద ట్రేలో ఇనుప రజను, కటింగ్ ఆయిల్ మరకలు ఉంటే అది నడుస్తున్న మిషన్. మెరిసిపోతూ, పైన దుమ్ము కవరు కప్పి ఉంటే అది తనిఖీల రోజున మాత్రమే తెరుచుకునేది అయ్యుండొచ్చు. క్లాసు గంటలు కాని వేళల్లో విద్యార్థి లోపలికి వెళ్లి పనిచేసుకోవచ్చా, అప్పుడు టెక్నీషియన్ ఉంటారా అని కూడా అడగండి. సాయంత్రం తాళం వేసే ల్యాబ్‌లో ఎంత మంచి పరికరం ఉన్నా ప్రాజెక్టు చేసే విద్యార్థికి అది ఉన్నా లేనట్టే.

అధ్యాపకుల గురించి తెలుసుకోవాల్సింది ఒక్కటే: రెండో, మూడో ఏడాది కోర్ సబ్జెక్టులు శాశ్వత అధ్యాపకులు చెబుతున్నారా, సెమిస్టర్‌కొకరు మారే తాత్కాలిక సిబ్బంది చెబుతున్నారా? టైమ్‌టేబుల్‌లో పేర్లుంటాయి. రెండేళ్లవి పక్కపక్కన పెడితే చాలు.

బ్రాంచి ఖాయమా కాదా అన్నది కూడా తేల్చుకోవాలి. కొన్ని విశ్వవిద్యాలయాలు నేరుగా బ్రాంచిలోనే సీటు ఇస్తాయి. మరికొన్ని ఉమ్మడి మొదటి ఏడాది తర్వాత గ్రేడ్లను బట్టి బ్రాంచి కేటాయిస్తాయి. రెండో పద్ధతిలో కంప్యూటర్ సైన్స్ ఆశతో చేరినవారు వేరే బ్రాంచిలో తేలే ప్రమాదం ఉంది. గత రెండేళ్లలో ఏ గ్రేడు దగ్గర కటాఫ్ ఆగిందో అడిగి తెలుసుకోకుండా ఆ సీటుకు డబ్బు కట్టొద్దు. ఏ బ్రాంచో ఇంకా తేల్చుకోని విద్యార్థికి మాత్రం ఉమ్మడి మొదటి ఏడాదే మేలు.

ప్లేస్‌మెంట్ అంకెల్లో రెండు చోట్ల మోసపోతుంటారు. మొదటిది ఎంతమందిలో ఎంతమంది అన్న లెక్క. 120 మంది బ్యాచ్‌లో 70 మందే ప్లేస్‌మెంట్‌కు పేరు నమోదు చేసుకుని, వారిలో 63 మందికి ఉద్యోగం వస్తే బోర్డు మీద 90 శాతం అని రాస్తారు. బ్యాచ్ మొత్తంలో అది 52.5 శాతమే. పై చదువులకు వెళ్లినవారిని తీసేసి లెక్కించడం న్యాయమే కానీ, వారెందరో విడిగా చెప్పాలి. రెండోది సగటు. తొమ్మిది మందికి తలా 5 లక్షల చొప్పున, పదో వ్యక్తికి 60 లక్షలు వస్తే సగటు 10.5 లక్షలు అవుతుంది. మధ్యలో ఉన్న విద్యార్థికి వచ్చింది 5 లక్షలే. మీ బ్రాంచిలో మధ్యస్థ జీతం ఎంతో అడగండి, అందులో చేతికొచ్చే జీతం ఎంతో, బోనస్‌లూ షేర్లూ ఎంతో విడదీసి చెప్పమనండి.

పెద్ద పేరు వల్లే పెద్ద జీతం వస్తుందన్న నమ్మకానికి ఆధారం అనుకున్నంత గట్టిది కాదు. అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంచుమించు ఒకే రకం కళాశాలల సమూహంలో సీట్లు సంపాదించి, వాటిలో ఎక్కువ పోటీ ఉన్నదానికి వెళ్లినవారికీ తక్కువ పోటీ ఉన్నదానికి వెళ్లినవారికీ తర్వాతి సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పేద కుటుంబాల పిల్లలకు మాత్రం పెద్ద కళాశాల వల్ల మేలు జరిగింది. ఇది ఇంజినీరింగ్ ఒక్కదానికే పరిమితమైన పరిశోధన కాదు, ఒక దేశానిది. అయినా పేరు కోసం భారీ అప్పు చేయబోయే కుటుంబం దీన్ని ఒకసారి పట్టించుకోవాలి. ఇంట్లో ఎవరూ డిగ్రీ చదవని, తెలిసిన ఉద్యోగస్థులెవరూ లేని విద్యార్థికి మాత్రం పేరున్న చోటి పరిచయాల విలువ ఎక్కువే. అక్కడ నేను పేరు వైపే మొగ్గుతాను.

ఖర్చును ఏడాది ఫీజుతో కాకుండా పట్టా చేతికొచ్చే దాకా అయ్యే మొత్తంతో పోల్చండి. ఒక సెమిస్టర్ ఎక్కువ పడితే ఎంత అవుతుందో కూడా అందులో కలపండి. స్కాలర్‌షిప్ ఉంటే అది కొనసాగడానికి ఎంత గ్రేడు కావాలో, గత బ్యాచ్‌లో ఎందరు రెండో ఏడాదికి దాన్ని నిలబెట్టుకున్నారో కనుక్కోండి. మొదటి ఏడాది గ్రేడ్లు పడిపోవడం ఇంజినీరింగ్‌లో సర్వసాధారణం, స్కాలర్‌షిప్‌లు ఎక్కువగా పోయేదీ అప్పుడే. ఈ జవాబులన్నీ ఫోన్లో కాకుండా ఈమెయిల్‌లో తీసుకోండి. సీటు ఖాయం చేసుకునే డబ్బు కట్టేముందు, ఏ తేదీలోగా మానుకుంటే అందులో ఎంత తిరిగి వస్తుందో రెండు చోట్లా నిబంధన చదివి పెట్టుకోండి.