యక్షుడి చెరువు గట్టున ఆవకాయ

మా తోడల్లుడికి ఏ కొత్త వస్తువు కొన్నా నాకు అరువిచ్చే గుణం ఉంది. తిరిగి తీసుకునేటప్పుడు దాన్ని కిటికీ దగ్గర వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసే గుణం కూడా ఉంది. మేం హిమాలయాలకు వెళ్తున్నామని తెలిసిన మర్నాడే పాలమీగడ రంగు జాకెట్టు ఒకటి పంపించాడు. లోపల బాతు ఈకలు కుట్టారట. "అన్నగారూ, దీన్ని ఉతక్కూడదు, పిండకూడదు. మరక పడకుండా చూసుకోండి, అంతే" అని ఫోన్లో చెప్పాడు. అంతేనా, ఇంకేం అనుకున్నాను.

హిమాలయాలంటే మరీ ఎవరెస్టు ఊహించుకోకండి. ఉత్తరాఖండ్‌లో రుద్రప్రయాగ జిల్లా, ఊఖీమఠ్‌కి కాస్త పైన సారీ అని ఒక ఊరు. ఊరి పేరే సారీ. జరగబోయేదానికి ముందే చెప్పినట్టు. అక్కడి నుంచి అడవిలో మూడు కిలోమీటర్లు ఎక్కితే దేవరియా తాల్ అనే చెరువు వస్తుంది. ఎత్తు 2,438 మీటర్లు. దారి పొడవునా రాళ్లు పరిచి ఉంటాయి. కొండలెక్కడం కొత్తయినవాళ్లు, పిల్లలు, మోకాళ్లని బతిమాలుకుంటూ బతికే నాలాంటివాళ్లు కూడా ఎక్కేయొచ్చు. మా ఆవిడ అలిపిరి నుంచి 3,550 మెట్లూ రెండుసార్లు ఎక్కిన మనిషి. ఆవిడకి ఇదొక లెక్కే కాదు.

ఆవిడ భయమల్లా తిండి గురించే. "ఆ కొండల్లో ఏం తింటారో ఏమో" అని మా అత్తగారు పోయినేడు పెట్టిన ఆవకాయ, జాడీ అడుగున మిగిలిందంతా డబ్బాలోకి ఎత్తింది. ఏడాది ఊరిన ఆవకాయ సంగతి మీకు చెప్పాలా? ముక్క మెత్తబడి, పిండి కిందికి దిగి, పైన రెండు వేళ్ల మందాన ఎర్రటి నూనె తేలుతూ ఉంటుంది. డబ్బా ప్లాస్టిక్‌ది. నాలుగు వైపులా నొక్కుడు క్లిప్పులు. మా ఇల్లు విశాఖలో బీచ్‌కి పది నిమిషాల దూరం. అంటే సముద్ర మట్టం గాలిని లోపల బంధించి ఆవిడ ఆ నాలుగు క్లిప్పులూ టకటకా నొక్కేసింది. ఈ ముక్క గుర్తుంచుకోండి.

హరిద్వార్ దాకా రైలు ప్రయాణంలో చెప్పుకోదగ్గదేం లేదు. అక్కడి నుంచి జీపు. దేవప్రయాగలో అలకనంద, భాగీరథి కలిసి గంగ అయ్యేచోట ఆగి దణ్ణం పెట్టుకున్నాం. రుద్రప్రయాగ దాటుతుంటే మా డ్రైవరుకి హుషారొచ్చింది. ఒకప్పుడు ఇక్కడ మనుషుల్ని తినే చిరుత ఉండేదనీ, ఎనిమిదేళ్లలో 125 మందిని పొట్టన పెట్టుకుందనీ, చివరికి 1926లో జిమ్ కార్బెట్ దొర దాన్ని కాల్చాడనీ, స్టీరింగు వదిలేసి రెండు చేతులతో తుపాకీ పట్టి మరీ చూపించాడు. ఆ వంపులో 125 కాస్తా మాతో కలిపి 129 అవుతుందేమోనని నేను భయపడ్డాను.

"ఇప్పుడు కూడా ఉన్నాయా చిరుతలు?" అని అడిగింది మా ఆవిడ.

"ఉన్నాయి మేడమ్. కానీ ఇప్పటివి షరీఫ్" అన్నాడతను.

పెద్దమనిషి తరహా చిరుత ఎలా ఉంటుందో ఊహించుకుంటూ ఊఖీమఠ్ చేరాం. కేదారనాథుడు చలికాలం ఆరు నెలలూ అక్కడి ఓంకారేశ్వరాలయంలోనే పూజలందుకుంటాడు. పైన మంచు ఎక్కువని దేవుడే దిగొచ్చి కూర్చుంటే, మేం పైకెక్కుతున్నాం. ఏప్రిల్ నెల కాబట్టి స్వామి ఇంకా తిరుగు ప్రయాణం కాలేదు. దర్శనం బాగా అయింది.

మర్నాడు పొద్దున్నే సారీలో టీ తాగుతుంటే కొట్లో వేలాడే చిప్స్ పాకెట్లు కనబడ్డాయి. ఒక్కోటీ వినాయకుడి బొజ్జలా ఉబ్బి, ముడితే పేలేట్టు ఉంది. మావాడు ఇంటర్ పరీక్షలు రాసి నెల కూడా కాలేదు. "నాన్నా, బాయిల్స్ లా! పైకొస్తే గాలి ప్రెషర్ తగ్గుతుంది, లోపలున్న గాలి వాల్యూమ్ పెరుగుతుంది. చెరువు దగ్గరికెళ్తే మన విశాఖ ప్రెషర్‌లో ముప్పావు వంతే ఉంటుంది" అన్నాడు.

"సెలవుల్లో కూడా ఏం చదువురా? టీ తాగు" అన్నాను. తండ్రిగా నా జీవితంలో చదువొద్దని చెప్పింది ఆ ఒక్కసారే.

నడక మొదలైంది. ఊరి ఇళ్లూ, మెట్లు మెట్లుగా పొలాలూ దాటాక పాత రాతి శివాలయం ఒకటి. ఆ పైన అడవి. బాంజ్ చెట్ల మధ్య బురాంశ్ చెట్లు ఒళ్లంతా ఎర్రగా పూసి ఉన్నాయి. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం అది. ఆ పూలతో చేసిన షర్బత్తు కింద కొట్లో సీసాల్లో అమ్ముతున్నారు. చెట్టు మీదా ఎరుపే, కింద దారి మీద రాలిందీ ఎరుపే. ఫొటో నెపంతో ఎన్నిసార్లు ఆగినా ఎవరూ ఏమీ అనరు. నేను నూట యాభై ఫొటోలు తీశాను.

నల్లటి పెద్ద కుక్కొకటి సారీ నుంచే మా వెంట పడింది. మెడకి మేకులు బిగించిన ఇనప పట్టీ. చిరుత పట్టేది మెడనేనట, అందుకని. ఆ కుక్క మా ఆవిడ వెంట వెళ్లదు, మావాడి వెంట వెళ్లదు. నా వెనకే, నా సంచీకి జానెడు దూరంలో ముక్కు పెట్టి నడుస్తోంది. నాకు గుండె నిండిపోయింది. మహాప్రస్థానంలో అందరూ ఒక్కొక్కరే రాలిపోయినా ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కుక్కే కదా! అదీ ఈ హిమాలయాల్లోనే. మూగజీవికి తెలుస్తుంది మనిషి విలువ అని మా ఆవిడతో పైకే అన్నాను.

"దానికి ఆకలేస్తోందేమో" అందావిడ.

సగం దూరం ఎక్కాక వెనక 'టప్' మని చప్పుడైంది. మా వయసులో ఏ చప్పుడైనా మోకాలిదే అనుకుంటాం. ఆగి, కాలు ఆడించి చూసుకుని, బాగానే ఉందని సాగిపోయాను. కాసేపటికి వీపు వెచ్చగా తగిలింది. బాతు ఈకలు పని చేస్తున్నాయి, మా తోడల్లుడు మంచివాడే అనుకున్నాను. ఇంకాసేపటికి నడుం దగ్గర తడి. చెమట పట్టడం ఆరోగ్యానికి మంచిదని మా డాక్టరు చెబుతూనే ఉంటాడు. ఆ తర్వాత సన్నగా మంట. కొండగాలికి ఒళ్లు పగలడం మామూలే కదా.

అప్పుడు వెనక నుంచి కేక. "అంకుల్! ఖూన్!"

ఢిల్లీ కుర్రాళ్లు నలుగురు మా కింద మలుపులో వస్తున్నారు. నాకొచ్చిన హిందీ అంతా కూడదీసుకుని "కౌన్? కిధర్?" అని చుట్టూ చూశాను. ఎవరికో పాపం దెబ్బ తగిలినట్టుంది. నలుగురూ నా వైపే వేళ్లు చూపిస్తున్నారు. చెయ్యి వెనక్కి పెట్టి తీసి చూసుకున్నాను.

అరచెయ్యి మొత్తం ఎర్రగా ఉంది.

నేను ధైర్యవంతుణ్ణనే అనుకునేవాణ్ణి. ఆ చెయ్యి చూడగానే కాళ్లు వాటంతటవే మడతపడ్డాయి. సన్నటి మంట కాస్తా పంజా గాటు మంటలా మారిపోయింది. డ్రైవరు చెప్పిన 125 మందీ వరసగా కళ్ల ముందు కనబడ్డారు. షరీఫ్ చిరుతట, షరీఫ్! మనిషికి తెలియకుండా వెనక నుంచి వచ్చి, పని చూసుకుని వెళ్లిపోవడమా పెద్దమనిషి తరహా? మా ఆవిడ "ఏవండీ!" అని అరుస్తూ నాలుగు మలుపులు కిందికి పరిగెత్తుకొచ్చింది. కుర్రాళ్లలో ఒకడు కట్టుగుడ్డ తీశాడు, ఒకడు నీళ్లు తీశాడు, మూడోవాడు వీడియో తీశాడు. కుక్క మాత్రం శాంతంగా నా వీపు నాకుతోంది. చనిపోయే ముందు ఇంత ప్రేమ దొరికింది, అది చాలనుకున్నాను.

మావాడు వచ్చి వంగి, వాసన చూసి, లేచి నిలబడ్డాడు.

"నాన్నా, బాయిల్స్ లా" అన్నాడు.

సంచీ విప్పారు. సముద్ర మట్టం గాలి నాలుగు క్లిప్పుల్లో రెండింటిని తన్ని బయటికొచ్చేసింది. డబ్బా పక్కకి ఒరిగి, పోయినేడు నూనె సంచీలోంచి జాకెట్టులోకీ, అందులోంచి చొక్కాలోకీ మర్యాదగా దిగిపోయింది. పాలమీగడ రంగు మీద ఆస్ట్రేలియా పటమంత మరక. నేను బతికే ఉన్నానని తెలియగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట: "ముక్కలు ఎన్ని మిగిలాయి?"

అంతలో అటు పక్క అడవిలోంచి ముసలామె ఒకావిడ వీపు మీద తన ఎత్తున్న గడ్డిమోపుతో వచ్చింది. నడుముకి కొడవలి. డెబ్భై ఏళ్లుంటాయి. మేం గుప్పెడు బరువుకే రొప్పుతున్న దారిలో ఆవిడ నోటి వెంట ఆయాసం లేదు. నన్ను చూసి, మోపు దించి, నా వీపు మీద వేలు రాసి, నాలిక మీద పెట్టుకుంది. కుర్రాళ్లు నోళ్లు తెరిచారు. రక్తం రుచి చూసిందనుకున్నారేమో.

"మిర్చ్!" అని ముసిముసిగా నవ్వింది. తర్వాత చెయ్యి చాపింది. మా ఆవిడ ఒక ముక్క పెట్టింది. ఆవిడ అది అక్కడికక్కడే టెంకతో సహా చీకేసి, కళ్లలో నీళ్లు తుడుచుకుని, ఇంకో ముక్క ఆకులో చుట్టి ఇమ్మంది. చెరువు ఇంకెంత దూరమని అడిగితే "బస్, థోడా సా" అంది. ఆ థోడా సా అనే కొలత అక్కడ అరగంటకి తక్కువ ఉండదని మాకు ఆపాటికే తెలుసు.

దేవరియా తాల్ చేరాక మాత్రం నోట మాట రాలేదు. చెట్ల మధ్య చిన్న చెరువు. ఎదురుగా చౌఖంబా, 7,138 మీటర్ల మంచుకొండ. ఒకటి ఆకాశంలో, ఒకటి నీళ్లలో తలకిందులుగా. పాండవుల్ని యక్షుడు ప్రశ్నలు అడిగిన చెరువు ఇదేనని అక్కడివాళ్ల నమ్మకం. నలుగురు తమ్ముళ్లూ జవాబు చెప్పకుండా నీళ్లు తాగి ఒడ్డున పడిపోయారు కదా, అది ఈ గట్టునే అన్నమాట. మా ఇంట్లో "జీతం ఎటు పోతోంది?" లాంటి వాటిని యక్ష ప్రశ్నలనడమే తెలిసిన నాకు, అసలు చెరువు చూస్తే ఒళ్లు గగుర్పొడిచింది. భూమి కన్నా బరువైనదేదని యక్షుడు అడిగితే ధర్మరాజు 'తల్లి' అన్నాడు. అంతకుముందు రెండు గంటలుగా నన్నడిగితే 'సంచీ' అనేవాణ్ణి.

భక్తి భక్తే, మరక మరకే. ఎవరూ చూడట్లేదని జాకెట్టు విప్పి, గట్టు దిగి, నీళ్లకి జానెడు దూరంలో వంగాను.

"రుకో!" అని ఎక్కడి నుంచో గొంతు వినిపించింది.

చుట్టూ చూస్తే ఎవరూ లేరు. నకులుడికి మొదట ఎలా అనిపించి ఉంటుందో నాకు సరిగ్గా అర్థమైంది. చెట్టు చాటు నుంచి అడవి కాపలా మనిషి బయటికొచ్చాడు. టికెట్టు ఉందా? ఎంతమంది వచ్చారు? ప్లాస్టిక్ ఏం తెచ్చారు, తిరిగి తీసుకెళ్తారా? చెరువులో చేతులు పెట్టకూడదని తెలియదా? ఒకదాని వెనక ఒకటి అడుగుతూనే ఉన్నాడు. నాకొచ్చిన హిందీలో ధర్మరాజు కూడా పాసవడు. చివరికి జాకెట్టు చూసి, గొంతు తగ్గించి "దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడిగాడు.

నేను జవాబు వెతుక్కుంటుంటే కుక్క మా సంచీలో తల దూర్చింది. ఇన్నాళ్ల నా అభిమాని దేనికోసం నా వెంట నడిచిందో అప్పుడు తెలిసింది. ఇందాక నాకిన పలచటి నూనె వేరు, అడుగున పేరుకున్న ఆవపిండి వేరు. ఒక్క నాకు నాకిందో లేదో, తల విదిలించి, తుమ్మి, గిర్రున రెండు చుట్లు తిరిగి, పరిగెత్తుకెళ్లి చెరువులో మూతి పెట్టి గడగడా తాగేసింది. ఏ ప్రశ్నకీ జవాబు చెప్పలేదు. దానికేం కాలేదు కూడా. ఎలా అవుతుంది? భారతంలో ఆ యక్షుడూ, ఆ కుక్కా ఇద్దరూ యమధర్మరాజే కదా. సొంత చెరువు.

మధ్యాహ్నం సారీలో మేం దిగిన ఇంటివాళ్లు భోజనం పెట్టారు. మండువా రొట్టె, గహత్ పప్పు అన్నారు. హిమాలయాల వంటకం, ఎలా ఉంటుందో అని మా ఆవిడ భయంభయంగా తుంచి నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. మండువా అంటే చోళ్లు. గహత్ అంటే ఉలవలు. ఇంతోటి దానికి ఏడాది ఆవకాయ, తోడల్లుడి జాకెట్టు బలిపెట్టి వచ్చామా అనిపించింది. మిగిలిన ఆరు ముక్కలూ చోడి రొట్టెలోకి అద్భుతంగా కుదిరాయి. నాలుగు ఇంటివాళ్లే తినేశారు. ఐదోది కాపలా మనిషికి కట్టి పంపాం, ఆయనే అడిగాడు. నాకు టెంక వచ్చింది.

చెరువు గట్టున మావాడు వెనక నుంచి తీసిన ఫొటో ఆ రాత్రే బంధువుల గ్రూపులో పడింది. చౌఖంబాని చూస్తూ నేను, నా వీపు మీద ఆస్ట్రేలియా. పది నిమిషాల్లో ఫోను.

"అన్నగారూ, ఫొటో అద్భుతం. వీపు మీద ఎర్రగా ఉందేంటి?"

"బురాంశ్ పూలండీ. ఇక్కడంతా అవే" అన్నాను.

ఫొటోకి వాసన ఉండదు కాబట్టి ఆ రోజుకి గండం గడిచింది. విశాఖ వచ్చాక ఉతక్కూడదన్నదాన్ని మూడుసార్లు ఉతికాం. పిండకూడదన్నదాన్ని ఇద్దరం చెరో వైపూ పట్టి పిండాం. రంగు కాస్త తగ్గింది, ఘాటు తగ్గలేదు. వచ్చే ఆదివారం ఆయన వస్తున్నాడు. ప్రస్తుతం జాకెట్టు బాల్కనీలో దండెం మీద ఆరుతోంది. సాయంత్రమయ్యేసరికి మా వీధి కుక్కలు నాలుగు సరిగ్గా దాని కిందే చేరి, తలెత్తి చూస్తూ కూర్చుంటున్నాయి.