పందిని పాలికి ఇస్తాం సరే, చస్తే నష్టం ఎవరిది?

తిరుపతిలో ఉండి పంది మాంసం గురించి రాస్తున్నానంటే నవ్వేవాళ్లు నవ్వుతారు. కొండ మీద మాంసం నిషేధం, కింద ఊళ్లో బిర్యానీ సెంటర్లకు లోటు లేదు, కానీ పంది మాటొస్తే తినేవాళ్లు కూడా గొంతు తగ్గిస్తారు. మా ఇంట్లోనే చూడండి, దొడ్లో మూడు రాళ్ల పొయ్యి, దానికో వేరే గిన్నె, ఆ గిన్నె ఇంతవరకు వంటింటి గడప తొక్కలేదు. అలాంటిది ఈ మధ్య నాకు తెలిసినవాళ్లు నలుగురు, బెంగళూరులో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చినవాళ్లు, కొత్త కోరిక మొదలుపెట్టారు. నాటు పందిని ఎవరైనా మన కోసం మేపి పెడతారా, ఏం తిన్నదో ఎక్కడ పెరిగిందో తెలియాలి, రేటు ఎక్కువైనా పర్లేదు అని.

రేటు ఎక్కువైనా పర్లేదు అన్న ఆ ముక్క దగ్గరే నాకు అనుమానం.

అడగడం మాత్రం న్యాయమే. పంది ఎక్కడ పెరిగిందో తెలుసుకోవడం షోకు కాదు. ఆరుబయట మనిషి మలం తింటూ తిరిగే పంది కండలో బద్దెపురుగు తిత్తులు చేరతాయి, ఆ మాంసం సరిగ్గా ఉడక్కుండా తింటే మన పేగులో పురుగు పెరుగుతుంది, ఆ మనిషి మలంలోని గుడ్లు నీళ్లలోనో ఆకుకూరల మీదో పడి ఇంకొకరి కడుపులోకి పోతే తిత్తులు మెదడుకెక్కి మూర్ఛలొస్తాయి. ఆ ఇంకొకరు జన్మలో పంది ముట్టనివాళ్లయినా కావచ్చు. దొడ్డి కట్టి మేపడంలో లాభం తినేవాడొక్కడిదే కాదన్నమాట.

ఇంగ్లండులో ఇలా గిరాకీల తరఫున అరుదైన జాతుల పందులు మేపే చిన్న రైతులున్నారు. ఉంగరాల బొచ్చుతో ఉండే లింకన్‌షైర్ కర్లీ కోట్ అనే పంది 1972లో పూర్తిగా పోయింది, మరుసటి ఏడాదే అక్కడ అరుదైన జాతుల కోసం ట్రస్టు పెట్టారు. పందికి పాలు పితకం, అరక కట్టం. తినేవాళ్లు ఉంటేనే దాన్ని ఎవరైనా మేపుతారు, అది వాళ్లకు బాగా తెలుసు. తర్వాత 2013లో గొడ్డు మాంసం అని అమ్మిన బర్గర్లలో గుర్రం మాంసం బయటపడేసరికి, ఏ జంతువు ఏ దొడ్డిది అని అడిగేవాళ్లు ఇంకా పెరిగారు. స్పెయిన్‌లోనైతే 2014 నుంచి ఉప్పు పట్టించి ఆరబెట్టే పంది తొడ, అదే ఐబీరియన్ హామ్‌కు నాలుగు రంగుల చీటీలు, నల్లచీటీ ఉంటే స్వచ్ఛమైన జాతి, ఓక్ తోపుల్లో రాలిన కాయలు తిని పెరిగింది అని అర్థం.

మన సంగతి వేరు. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద పందులు 90.6 లక్షలు, 2012తో పోలిస్తే 12 శాతం తక్కువ. మన నల్ల పందిలో సీమ పంది రక్తం కలిసిపోతోంది. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో చేసిన పని కూడా ఎక్కువగా తెల్లటి సీమ పంది యార్క్‌షైర్‌ను నాటు పందితో కలిపిన సంకర రకాల మీదే, అందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. ఏడాది మేపినా నాటుది యార్క్‌షైర్ బరువులో సగం దగ్గరే ఆగిపోతుంటే రైతు దేన్ని పెంచుకుంటాడు?

విచిత్రమేమిటంటే ఇలా ఒకరి కోసం ఇంకొకరు మేపే పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. గొర్రెల్ని, ఆవుల్ని పాలికి ఇవ్వడం పల్లెల్లో అందరికీ తెలిసిందే, సొమ్ము ఒకరిది, చాకిరీ ఇంకొకరిది, పిల్లల్లో ఇద్దరికీ వాటా. కోసినప్పుడు పోగులు వేయడమూ అంతే. యాభై కిలోల పందిని కోస్తే ముప్పై అయిదు కిలోల దాకా వస్తుంది, అయిదుగురు కలిస్తే తలా ఏడు కిలోలు. పోగులో మెత్తటి కండతో పాటు ఎముక, కొవ్వు, తలకాయ అన్నీ సమానంగా పడతాయి, నాకు బోన్‌లెస్ మాత్రమే కావాలనే పేచీకి చోటుండదు. ఫ్రీజర్లో సగం పందిని దాచుకునే ఇంగ్లండు పద్ధతి కంటే, వంటింట్లోకే రానివ్వని మనకు ఇదే కుదురుతుంది.

ఇక చెవికి ట్యాగు. పన్నెండంకెల నంబరు వేస్తారు, మంచిదే, పంది ఎవరిదో తెలుస్తుంది. ఏం తిన్నదో చెప్పదు. పందుల ఖర్చులో మూడొంతుల దాకా మేతదే, అందుకే హోటళ్ల ఎంగిలి బకెట్లు. అందులో పంది ముక్కలు పడి, మరిగించకుండా పోస్తే పందుల్ని చంపే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌ను చేతులారా తెచ్చుకున్నట్టే. 2020లో మన దేశంలో బయటపడిన ఈ జబ్బు మనుషులకు రాదు గానీ, వచ్చిన చోట కిలోమీటరు చుట్టుపక్కల పందులన్నిటినీ చంపేస్తారు. ఎంగిలి వద్దంటే మొక్కజొన్న, తవుడు, చెనక్కాయ చెక్క కొనాలి. ఆ డబ్బు ముందే ఇవ్వకుండా కోసిన రోజు కిలో లెక్కన ఇస్తామంటే, మేపేవాడు మన షోకుకి అప్పు చేసినట్టు.

చంద్రగిరి వైపు తాతల కాలం నుంచి పందులే బతుకైన ఎరుకల కుటుంబం ఒకటుంది, ఆ ఇంటి పెద్దాయన్ని అడిగాను. నల్ల పంది ఈత, మేత, జబ్బు అన్నీ ఆయనకు నోటి మీద ఉన్నాయి. రేపు ఎవరో ఫాంహౌస్ ఓనరు నాటు పంది అని బోర్డు పెట్టుకుని ఈయన్ని కూలికి పెట్టుకుంటాడేమో అని నాకో బెంగ. ఆయన బెంగ వేరే ఉంది. "మేపేదానికేం సార్, మేపతా. నడిమధ్యలో చచ్చిపోతే దుడ్లు వాపసు అడగతారా?"

ఆ మాట మావాళ్లకు చెప్పాను. ఒకడు ఇన్సూరెన్స్ ఉంటుంది కదా అన్నాడు, ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు, నాలుగోవాడు ఆలోచిద్దాం అన్నాడు. నేను నా వాటా అడ్వాన్సు ఇచ్చేశాను, చస్తే అడగనని కూడా చెప్పాను. రసీదు ఆయన ఇవ్వలేదు, నేను అడగలేదు. పందిని మొన్ననే దాటించారట, 114 రోజుల లెక్క, సంక్రాంతికి అటూ ఇటుగా ఈనుతుంది.