జైలు నర్సు ఎవరి మాట వినాలి?

రోజూ క్వార్టర్ పడందే నిద్రపోనివాడిని రిమాండ్‌కు తెచ్చి శ్రీకాకుళం దగ్గర అంపోలులోని జిల్లా జైల్లో దింపారనుకోండి. ఆ రాత్రి బాగానే ఉంటాడు. మర్నాటికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. రెండు మూడు రోజులు గడిచేసరికి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎదురుగా లేని మనిషితో మాట్లాడతాడు. వార్డర్ కంటికి అవి వేషాలు. నర్సు కంటికి మాత్రం అది తాగుడు ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల ప్రాణం మీదికొచ్చిన పరిస్థితి. రాత్రి రెండు గంటలకు ఈ ఇద్దరిలో ఎవరి మాట చెల్లాలి? నర్సు మాటే చెల్లాలి. ఇప్పుడున్న ఏర్పాటులో ఆ గ్యారంటీ లేదు.

జైలు వైద్యం అనగానే డాక్టర్ పోస్టుల ఖాళీల గురించి రాసి ఊరుకుంటాం. ఖాళీలు నింపాల్సిందే, కాదనను. కానీ డాక్టర్ వచ్చి ఓపీ చూసి వెళ్లిపోతాడు. ఎవడు అన్నం వదిలేశాడు, ఎవడి దగ్గు మూడు వారాలైనా తగ్గలేదు, టీబీ మందులు మింగాల్సినవాడు బెయిల్ మీద వెళ్లాక ఎక్కడ తీసుకుంటాడు... ఇవన్నీ పట్టి చూడాల్సింది మందుల ట్రే పట్టుకుని బ్యారక్‌ల మధ్య తిరిగే నర్సే.

మన జైళ్లకు పునాది వేసింది 1894 నాటి ప్రిజన్స్ చట్టం. అందులో 37వ సెక్షన్ చదివితే విషయం అర్థమవుతుంది. ఖైదీకి ఒంట్లో బాగోలేకపోతే అతని మీద కాపలా ఉన్నవాడు జైలర్‌కు చెప్పాలి, జైలర్ వైద్య సిబ్బందికి చెప్పాలి. అంటే జబ్బు ముందుగా ఖాకీ చొక్కాలను దాటుకుని రావాలి. ఆ వైద్య సిబ్బందికి చట్టం పెట్టిన పేరేమిటో తెలుసా? ‘మెడికల్ సబార్డినేట్’, అంటే కింది ఉద్యోగి. పేరులోనే చెయ్యి కట్టేశారు. 2023లో కేంద్రం రాష్ట్రాలకు కొత్త మోడల్ చట్టం పంపింది. కాగితం కొత్తదైనా, రోజువారీ పని జైలు అధికారుల కనుసన్నల్లో నడిచినంత కాలం నర్సు సబార్డినేట్‌గానే మిగులుతుంది.

దీన్ని పరిపాలనా గొడవ అని కొట్టిపారేయకండి. మన జిల్లాకు ఇది మరీ ముఖ్యం. నడుం నొప్పి అని వచ్చిన ఖైదీకి డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఇచ్చి పంపడం ఎక్కడైనా జరిగేదే. కానీ అతనిది కవిటో, సోంపేటో, వజ్రపుకొత్తూరో అయితే? అవన్నీ కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. ఉద్దానం మనిషికి, కిడ్నీ సంగతి చూడకుండా, ఆ మాత్రలు రోజూ మింగించడమంటే నిప్పుతో చెలగాటమే. తెలివైన నర్సు మాత్ర తీసేముందు ‘ఏ ఊరు నీది?’ అని అడుగుతుంది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించేదాకా ఆ డబ్బా ముట్టుకోదు. పక్కనున్న సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చిన కుర్రాడు కీళ్లు, ఛాతీ నొప్పి అని మెలికలు తిరుగుతుంటే సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు ఉందేమోనని అనుమానిస్తుంది. బయటికి దెబ్బ కనబడదు, జ్వరం కూడా ఉండకపోవచ్చు. నటిస్తున్నాడని అనేయడానికి ఇంతకంటే అనువైన జబ్బు ఇంకోటి లేదు. అలాంటివాణ్ని వెంటనే శ్రీకాకుళంలోని రిమ్స్ ఆసుపత్రికి పంపాలని నర్సు అంటే, ఎస్కార్ట్ లేదు, రేపు చూద్దాం అనే మాట ఎదురైతే? ఆ ‘రేపు’కు బాధ్యత ఎవరిది? ఏదైనా జరిగాక విచారణలో ముందు అడిగేది మాత్రం నర్సునే.

భద్రత మాటేమిటని అడిగేవాళ్లున్నారు. ఆసుపత్రి పేరు చెప్పి పారిపోయినవాళ్లు లేరా, జబ్బు నటించేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. అందుకే కాపలా, సంకెళ్లు, ఎస్కార్ట్ విషయాలు సూపరింటెండెంట్ దగ్గరే ఉండనివ్వండి. జబ్బా, నటనా అన్నది తేల్చే పని మాత్రం ఆయనది కాదు. ఖైదీలను ఎలా చూడాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన మండేలా నియమాల్లో 27వది చెప్పేది ఇదే: వైద్య నిర్ణయాన్ని వైద్యేతర సిబ్బంది తోసిపుచ్చకూడదు. నేరస్తులకు ఇంత అవసరమా అనేవాళ్లకు ఒక లెక్క. 2022 చివర్లో దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం విచారణ ఖైదీలే. వాళ్లను ఇంకా ఏ కోర్టూ నేరస్తులనలేదు.

నార్వే 1988లోనే జైలు వైద్యాన్ని స్థానిక సంస్థలకు అప్పగించింది. ఇంగ్లండ్‌లో 2006 నాటికి అది ప్రభుత్వ వైద్య సేవ అయిన ఎన్‌హెచ్‌ఎస్ చేతికొచ్చింది.  ఫిన్లాండ్‌లో జైలు వైద్యం 2016 నుంచి ఆరోగ్య శాఖ గొడుగు కిందే ఉంది. ఆ దేశాల్లో జైళ్లేమీ కూలిపోలేదు.

అసలు నా బాధ జైలు గోడల దగ్గర ఆగదు. మన ఆరోగ్య వ్యవస్థ అంతటా చూసేవాళ్లు ఒకరు, చెప్పేవాళ్లు ఇంకొకరు. ఉద్దానంలో ఏ ఇంట్లో ఎవరు డయాలసిస్‌కు వెళ్తున్నారో ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు వేలి మీద లెక్క. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, సంతోషం. మరి ఊళ్లో తిరిగే మనిషి ‘ఈ ఇంటికి డాక్టర్ రావాలి’ అంటే ఎవరు కదులుతారు? ఆమెకు యాప్‌లో ఎంట్రీ కొట్టే పని ఇచ్చాం గానీ, కేసును ముందుకు తోసే అధికారం ఇవ్వలేదు. ఎంట్రీ లేటైతే మెమో మాత్రం తప్పదు. జైలు నర్సుదీ ఇదే కథ. కాకపోతే ఆమె ఎదుట ఉన్నవాడు ఇంకో ఆసుపత్రికి వెళ్లే దారి కూడా లేనివాడు.

కాబట్టి నేను అడిగేది పెద్ద సంస్కరణ కూడా కాదు. అంపోలు నుంచే మొదలుపెట్టండి. నర్సు జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి జవాబుదారీగా ఉండాలి. ఖైదీని ఆసుపత్రికి పంపాలని నర్సు ఎన్ని గంటలకు రాసింది, ఎస్కార్ట్ ఎన్ని గంటలకు వచ్చింది, ఆలస్యమైతే ఎవరి సంతకంతో అయింది... ఈ మూడూ ఒకే రిజిస్టర్లో ఉండాలి. దాని నకలు ప్రతి వారం జైలు గేటు దాటి జిల్లా జడ్జి టేబుల్ మీదికి వెళ్లాలి.